రోడ్డు సైకిలుకు పంక్చర్లను తట్టుకునే టైరు: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

పంక్చర్లు ఎక్కువవుతున్నాయనగానే చాలామంది దొరికినవాటిలోకెల్లా మందమైన టైరు కొనేస్తారు. సైకిలు బరువెక్కుతుంది, తొక్కడం భారమవుతుంది, అయినా కొందరికి పంక్చర్లు ఆగవు. ఎందుకంటే పంక్చర్లన్నీ ఒకే రకం కావు. మంచి టైరుతో ఆగేవి కొన్ని, గాలి సరిగ్గా ఉంటే ఆగేవి కొన్ని, రిమ్ములో లోపం సరిచేస్తే గానీ ఆగనివి ఇంకొన్ని. కాబట్టి టైరు కొనడం రెండో పని. ట్యూబుకు పడ్డ చిల్లులు ఏం చెబుతున్నాయో చూడటం మొదటి పని.

1. పాత ట్యూబును పరీక్షించండి

ప్యాచ్ వేసేముందు ట్యూబును బయటికి తీసి, మామూలు లావుకు రెండింతలయ్యేదాకా గాలి కొట్టండి. చెంపకు దగ్గరగా పెట్టుకుని నెమ్మదిగా తిప్పితే చాలా సన్నని గాలి కూడా తగులుతుంది. తగలకపోతే నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టండి. ఇప్పుడు ఆ చిల్లి ట్యూబుకు ఏ వైపున ఉందో చూడండి.

రోడ్డు వైపు ఒకే ఒక్క చిన్న చిల్లి ఉంటే బయటి నుంచి ఏదో దిగిందని అర్థం. గాజుపెంకు, ముల్లు, మేకు, ఇనుప తీగ ముక్క, ఏదైనా కావచ్చు. మంచి టైరు ఆపగలిగేది ఈ రకాన్నే.

చిల్లి రిమ్ము వైపు ఉంటే తప్పు టైరుది కాదు. రిమ్ టేపు పక్కకు జరిగి స్పోకు కన్నం బయటపడి ఉంటుంది, లేదా పాత టేపు మెత్తబడి కన్నంలోకి కుంగి ఉంటుంది. ఒక్కోసారి స్పోకు కొస పైకి పొడుచుకొస్తుంది. కన్నాలను రెండు పక్కలా పూర్తిగా కప్పే వెడల్పున్న కొత్త బట్ట టేపు వేస్తే ఈ బాధ తీరుతుంది. దానికయ్యే ఖర్చు టైరు ధరలో ఏ మూలకూ రాదు.

పక్కపక్కనే రెండు చీలికలు పాము కాటులా కనిపిస్తే, గుంత అంచో రాయో తగిలినప్పుడు టైరు పూర్తిగా అణిగిపోయి ట్యూబు రిమ్ము అంచు కింద నలిగిందన్నమాట. సైక్లిస్టులు దీన్ని స్నేక్ బైట్ అంటారు. టైరు లోపల ఎంత గట్టి పొర ఉన్నా ఈ నలుగుడును ఆపలేదు. దీనికి మందు సరిపడా గాలి, ఇంకాస్త వెడల్పు టైరు.

వాల్వు మొదట్లో చీలితే పంపు కొట్టేటప్పుడు వాల్వును అటూ ఇటూ ఊపేస్తున్నారు, లేదా వాల్వు నట్టును మరీ బిగిస్తున్నారు. ఒకటి రెండు అంగుళాల పొడవున బారుగా చీలితే టైరు ఎక్కించేటప్పుడు ట్యూబు బీడు (రిమ్ములో కూర్చునే టైరు అంచు) కింద ఇరుక్కుని ఉంటుంది.

మీకు చివరగా పడ్డ నాలుగైదు పంక్చర్లలో ఎక్కువ భాగం రోడ్డు వైపువి అయితేనే ఖరీదైన గట్టి టైరు మీద డబ్బు పెట్టండి.

ఇంకో మాట. పాత టైరు పారేసేముందు దాని లోపలి వైపంతా దూది ఉండతో ఒకసారి తుడవండి. వేలితో తుడిస్తే తెగుతుంది. దూది పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఏదో గుచ్చుకుని ఉంది. లారీ టైర్లు పగిలినప్పుడు వాటిలోని ఉక్కు తీగలు వెంట్రుకంత సన్నని ముక్కలై రోడ్డు పక్కన పడి ఉంటాయి. అలాంటి ముక్క టైరులో దిగితే బయటి నుంచి నల్లటి చుక్కలా కూడా కనిపించదు. లోపల మిల్లీమీటరు కొస మాత్రమే తేలి ఉంటుంది, అదీ టైరును అక్కడ వంచితేనే. వారంలో మూడుసార్లు పంక్చరైందంటే చాలాసార్లు ఆ మూడింటికీ ఇలాంటి ఒకే ఒక్క తీగ కారణం. చిమటాతో లాగేయండి, మళ్లీ ఒకసారి దూది తిప్పండి.

2. మీ సైకిల్లో ఎంత వెడల్పు పడుతుందో కొలవండి

టైరు పక్క గోడ మీద 28-622 లాంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. 700×28సి అన్నా ఇదే టైరు. చూడాల్సింది ముఖ్యంగా రెండో అంకె. ఇప్పటి రోడ్డు సైకిళ్లు దాదాపు అన్నీ 622. పాత సైకిళ్లలో కనిపించే 27 అంగుళాల రిమ్ముకు అది 630. పేర్లు చూస్తే దగ్గరగానే ఉన్నాయనిపిస్తుంది, కానీ ఒకదాని టైరు మరొకదానికి పట్టదు.

వెడల్పు ఎంత పెరిగితే అంత మంచిది, సైకిల్లో పట్టినంతవరకు. వెడల్పు టైరులో అదే బరువుకు తక్కువ గాలి చాలు. తక్కువ గాలి ఉన్న టైరు రాయి మీదకు ఎక్కినప్పుడు దాని చుట్టూ కాస్త ఒంగుతుంది. గట్టిగా గాలి నింపిన సన్న టైరు ఒంగదు, బరువంతా ఆ ఒక్క మొన మీదే పడుతుంది, గాజుపెంకు సూటిగా దిగుతుంది. పైగా వెడల్పు టైరుకు ఎత్తు కూడా ఎక్కువ కాబట్టి రిమ్ము నేలను తాకేలా అణగడానికి పెద్ద దెబ్బే తగలాలి. 23 నుంచి 28కి మారినవాళ్లకు టైరు రకం మార్చకుండానే పంక్చర్లు తగ్గడం మామూలే.

కొలవడం తేలిక. ఇప్పుడున్న టైరుకు పూర్తిగా గాలి కొట్టి, 4 మి.మీ. అలెన్ కీ తీసుకుని టైరుకూ ఫ్రేముకూ మధ్య, ముందు ఫోర్కు కిరీటం కింద, బ్రేకు కింద, వెనక చక్రం దగ్గర రెండు పక్కలా దూర్చి చూడండి. కొత్త టైరు వేశాక కూడా ఆ కీ అన్నిచోట్లా తేలిగ్గా కదలాలి. అంతకంటే ఇరుకైతే చక్రం కొంచెం ఒంకర తిరిగినా, టైరుకు చిన్న రాయి అంటుకున్నా ఫ్రేము గీసుకుపోతుంది. కాలిపర్ రిమ్ బ్రేకులున్న పాత సైకిళ్లలో ముందుగా అడ్డొచ్చేది బ్రేకే. చాలావాటిలో 25, మహా అయితే 28 పడుతుంది. డిస్కు బ్రేకుల సైకిళ్లలో 32 పట్టడం ఇప్పుడు మామూలైంది.

టైరు మీద రాసిన వెడల్పును అలాగే నమ్మకండి. రిమ్ము లోపలి వెడల్పు పెరిగేకొద్దీ అదే టైరు ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది. 28 అని రాసిన టైరు వెడల్పు రిమ్ము మీద 30కి దగ్గరపడవచ్చు. వెర్నియర్ కాలిపర్ ఉంటే గాలి కొట్టిన మర్నాడు కొలవండి. టైరు మొదటి రోజు కొంచెం సాగుతుంది.

3. టైరు లోపల ఏముందో తెలుసుకోండి

కొట్లో టైరు అట్టపెట్టె మీద కనిపించే పెద్ద పెద్ద పేర్ల వెనక ఉండేవి నాలుగే. నేలను తాకే రబ్బరు, దాని కింద పంక్చరు పట్టీ, దాని కింద దారాలతో అల్లిన కేసింగు, అంచున బీడు.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది నేలను తాకే రబ్బరు మందం. ఇది ఎవరూ ప్రకటనల్లో గొప్పగా చెప్పరు, ఎందుకంటే మందం పెరిగితే బరువూ పెరుగుతుంది. సగం అరిగిన టైరుకు కొత్తదానికంటే ఎక్కువ పంక్చర్లు ఎందుకు అవుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది. లోపలి పట్టీ మారలేదు, పైన రబ్బరు తగ్గిందంతే.

పంక్చరు పట్టీ రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి నేసిన గుడ్డ లాంటిది. అరమిడ్ (కెవ్లార్ ఇందులో పేరుమోసిన ఒక రకం), వెక్ట్రాన్, పాలియెస్టర్, నైలాన్ దారాలతో దగ్గర దగ్గరగా నేస్తారు. ఇది తేలిక, సన్నం. గాజుపెంకు లాంటి కోసే అంచులను బాగా ఆపుతుంది, ఎందుకంటే పెంకు లోపలికి రావాలంటే దారాలను తెంచాలి. కానీ సూది మొన దారాలను తెంచదు, వాటి మధ్య సందు చూసుకుని పక్కకు తోసి దూరిపోతుంది. ఉక్కు తీగలు, పల్లేరు ముళ్లు దూరేది ఇలాగే. రెండో రకం దళసరి రబ్బరు పొర. దీన్ని ఏదీ చీల్చలేదని కాదు, గుచ్చుకున్నది ట్యూబు దాకా చేరేంత పొడవు ఉండదని. ష్వాల్బే మారథాన్ ప్లస్‌లోని స్మార్ట్‌గార్డ్ పొర 5 మి.మీ. దాకా ఉంటుంది. పల్లేరు ముల్లు సాధారణంగా అంత దూరం రాదు.

అంటే మీ దారిలో ఎక్కువగా ఉండేది గాజయితే నేసిన పట్టీ ఉన్న తేలికైన టైరు చాలు. ముళ్లూ తీగలూ అయితే మందం కావాలి. ఈ ఒక్క తేడా తెలుసుకోకుండా డబ్బు వృథా చేసుకునేవాళ్లే ఎక్కువ.

టీపీఐ అనే అంకె ఒకటి కనిపిస్తుంది. అంగుళానికి ఎన్ని దారాలో చెబుతుందది. ఎక్కువైతే దారాలు సన్నగా ఉండి టైరు మెత్తగా ఒంగుతుంది, తేలిగ్గా దొర్లుతుంది. తక్కువైతే దారాలు లావు, టైరు మొద్దు. ఈ అంకెలో ఒక మెలిక ఉంది. కొందరు ఒక్క పొర లెక్క చెబుతారు, కొందరు నేలను తాకే రబ్బరు కింద పడే మూడు పొరలనూ కూడి చెబుతారు. 330 అన్నది మూడు 110లు కావచ్చు. అందుకని రెండు కంపెనీల టైర్లను టీపీఐతో పోల్చి కొనకండి. అది ఎక్కువుంటే పంక్చర్లు తగ్గుతాయనుకోవడం అసలే కుదరదు.

పక్క గోడ సంగతి చాలామంది మరచిపోతారు. రేసు టైర్లలో అక్కడ కేసింగు మీద సన్నని రబ్బరు పూత తప్ప ఏమీ ఉండదు. తారు చిట్లిన అంచులున్న రోడ్ల మీద, రోడ్డు దిగి మట్టిలోకి వెళ్లే చోట్ల పదునైన రాయి పక్క నుంచి కోస్తే టైరు పనైపోయినట్టే. నడిమధ్య పడ్డ చిల్లికి ప్యాచ్ వేసి నడిపించవచ్చు, పక్క గోడ తెగితే కొత్తది కొనాల్సిందే. మీ దారి అలాంటిదైతే బీడు నుంచి బీడు దాకా రక్షణ గుడ్డ ఉన్న టైరు వెతకండి. కాంటినెంటల్ గేటర్‌స్కిన్‌లో, గ్రాండ్ ప్రి 4 సీజన్‌లో డ్యూరాస్కిన్ పేరుతో ఉండేది ఇదే.

రబ్బరు గట్టిదైతే ఎక్కువ రోజులు వస్తుంది, చిన్న కోతలు తక్కువ పడతాయి, కానీ తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. వానలో తిరిగేవాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. పంక్చరు అయితే ఆగి బాగు చేసుకోవచ్చు, మలుపులో చక్రం జారితే అలా కాదు.

గాడుల డిజైన్ల గురించి ఆలోచించకండి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి ఎక్కువ గాలితో నడుస్తుంది కాబట్టి నీటిని దానంతట అదే పక్కకు నెట్టేస్తుంది. కారు టైరుకున్న అవసరం దీనికి లేదు. పైగా లోతు గాడులు గాజు రవ్వలను పట్టుకుని కూర్చుంటాయి. నున్నగా ఉన్నదే నయం.

4. మూడు తరగతుల్లో ఒకటి తేల్చుకోండి

రేసు తరగతి: 28 మి.మీ. టైరు 230, 240 గ్రాముల దగ్గర ఉంటుంది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000 అందరికీ తెలిసిన ఉదాహరణ. అందులో ఒక వెక్ట్రాన్ పట్టీ ఉంటుంది, మంచి రోడ్ల మీద అది చాలు. వెనక టైరు మూడు నుంచి ఐదు వేల కిలోమీటర్లు వస్తే సంతోషించవచ్చు.

అన్ని కాలాల తరగతి: గ్రాండ్ ప్రి 4 సీజన్‌లో రెండు వెక్ట్రాన్ పట్టీలు, పక్క గోడ గుడ్డ ఉంటాయి, తడిలోనూ పట్టు బాగుంటుంది. గేటర్‌స్కిన్‌లో పాలియెస్టర్ పట్టీ, ఎక్కువ కాలం మన్నే గట్టి రబ్బరు ఉంటాయి. తడి రోడ్డు మీద కాస్త జాగ్రత్త కావాలన్న పేరు కూడా దానికుంది. రోజూ తొక్కే మనిషికి మా ఓటు ఈ తరగతికే. రేసు టైరుతో పోలిస్తే ఒక్కో చక్రానికి కొన్ని వాట్లు ఎక్కువ ఖర్చవుతాయి. గట్టి రబ్బరున్న వాటికి గంటకు 30 కి.మీ. వేగం దగ్గర ఆ తేడా పది వాట్ల దాకా వెళ్లవచ్చు. కాళ్లకు తెలుస్తుంది, కానీ రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు మార్చే ఇరవై నిమిషాలు దానికంటే ఎక్కువే.

కవచం తరగతి: మారథాన్ ప్లస్ లాంటివి. 28 మి.మీ. టైరే 700 గ్రాములు దాటుతుంది. అంటే రేసు టైరు మూడు కలిపినంత. తొక్కడం మొద్దుగా ఉంటుంది, ఎక్కించడం కష్టం. ముళ్ల దారుల్లో రోజూ పనికి వెళ్లేవాళ్లకూ, బరువు వేసుకుని దూరం పోయేవాళ్లకూ ఇది సరైనదే. వేగం కోసం తొక్కేవాళ్లకు వద్దు.

రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలని ఏ నియమమూ లేదు. బరువులో ఎక్కువ పాలు వెనక చక్రం మీద పడుతుంది, అరుగుదల అక్కడే ఎక్కువ, పంక్చర్లూ అక్కడే ఎక్కువ. వెనక గట్టి టైరు, ముందు మంచి పట్టున్న మెత్తని టైరు వేసుకోవడం తెలివైన ఏర్పాటు. దీన్ని మాత్రం తిరగేయకండి. ముందు చక్రం జారితే నిలదొక్కుకునే వీలుండదు.

ట్యూబ్‌లెస్ సంగతి క్లుప్తంగా. ఇందులో ట్యూబు ఉండదు, టైరులో పోసే సీలెంటు అనే ద్రవం చిన్న చిల్లులను దానంతట అదే పూడుస్తుంది, నలిగే ట్యూబే ఉండదు కాబట్టి స్నేక్ బైట్ బాధ లేదు. ముళ్ల దారులకు దీన్ని మించింది లేదు. కానీ గాలి ఎక్కువగా ఉన్న సన్న టైరులో సీలెంటు పూడే లోపే బయటికి చిమ్మేస్తుంది, అందుకే 28, అంతకంటే 30, 32లోనే ఇది బాగా పనిచేస్తుంది. టైరుకు 30 నుంచి 40 మి.లీ. పోయాలి. రెండు మూడు నెలలకు ఎండిపోతుంది, చూసి మళ్లీ పోయాలి. ఆ పని చేయననుకుంటే ట్యూబుతోనే ఉండండి, ఎండిన సీలెంటు దేన్నీ ఆపదు. మీ రిమ్ము హుక్‌లెస్ (బీడును పట్టే కొక్కెం లేని అంచున్నది) అయితే గాలి ఒత్తిడి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు. రిమ్ము తయారీదారు ఒప్పుకున్న ట్యూబ్‌లెస్ టైర్లే వేయాలి. మామూలు టైరు వేస్తే బీడు ఊడిపోయి పడే ప్రమాదముంది.

5. టైరును సరిగ్గా ఎక్కించండి

మంచి టైరును తప్పుగా ఎక్కిస్తే మొదటి రోజే పంక్చరు. ముందు రిమ్ టేపును వేలితో చుట్టూ తడిమి చూడండి. పక్క గోడ మీద బాణం గుర్తుంటే తిరిగే దిక్కు చూసుకోండి. టైరు పేరు సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేలా పెట్టండి. ఇది అందం కోసం కాదు. ట్యూబుకు చిల్లి పడితే వాల్వు నుంచి దాని దూరం కొలిచి, టైరు మీద పేరు నుంచి అటూ ఇటూ అంతే దూరంలో వెతికితే గుచ్చుకున్నది దొరుకుతుంది.

ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రమే కొట్టి లోపల పెట్టండి. రెండో బీడును వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి, రెండు చేతులతో చెరో పక్కకు నెట్టుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివర బిగిసిపోతే బలం పెంచకండి. ఎక్కిన భాగమంతా వేళ్లతో నొక్కుతూ బీడును రిమ్ము మధ్యలోని లోతైన గాడిలోకి దించండి. అక్కడ చుట్టుకొలత తక్కువ కాబట్టి పైన ఆ కాస్త వదులు దొరుకుతుంది. ఇలా చేస్తే చాలా టైర్లు లివరు లేకుండానే అరచేతులతో ఎక్కేస్తాయి. లివరు వాడితే ప్లాస్టిక్‌ది వాడండి. కొత్త ట్యూబులకు పడే చిల్లుల్లో లివరు పొడుపులు తక్కువేం కాదు.

గాలి కొట్టేముందు వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి. తర్వాత చుట్టూ రెండు పక్కలా బీడును పక్కకు తోసి, ట్యూబు ఎక్కడైనా కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే అక్కడ పేలుతుంది.

6. గాలి లెక్క

బొటనవేలితో నొక్కి చూడటం నమ్మదగింది కాదు. 60 పీఎస్ఐ, 90 పీఎస్ఐ రెండూ వేలికి ఒకేలా గట్టిగా ఉంటాయి. గేజీ ఉన్న పంపు తప్పనిసరి. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ.

70, 75 కిలోల మనిషి ట్యూబు టైర్లతో ఇలా మొదలుపెట్టవచ్చు. 25 మి.మీ. అయితే ముందు 80, వెనక 90. 28 అయితే ముందు 70, వెనక 77. 32 అయితే ముందు 50, వెనక 58. ప్రతి ఐదు కిలోలకు రెండు మూడు పీఎస్ఐ కలపడమో తీయడమో చేయండి. టైరు మీద రాసిన గరిష్ఠం, రిమ్ము మీద రాసిన గరిష్ఠం, రెండిట్లో తక్కువదాన్ని ఎప్పుడూ దాటకండి. గరిష్ఠం దాకా కొడితే పంక్చర్లు తగ్గుతాయనుకోవడం పొరపాటు. నలుగుడు తగ్గుతుంది, గాజు దిగడం పెరుగుతుంది. స్నేక్ బైట్ పడితే 5 పెంచండి, గాజు కోతలు ఎక్కువ పడుతుంటే 5 తగ్గించి చూడండి. సన్న టైర్లలో గాలి దానంతట అదే దిగిపోతూ ఉంటుంది, కాబట్టి వారానికి ఒకసారైనా కొట్టాల్సిందే.

7. వారానికి ఐదు నిమిషాలు

గాజుపెంకు తొక్కిన వెంటనే పంక్చరు అవడం తక్కువ. ముందు రబ్బరులో ఇరుక్కుంటుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది, రెండు మూడు రోజులకు ట్యూబును చేరుతుంది. ఆ లోపు తీసేస్తే పంక్చరే ఉండదు. వారానికోసారి కొంచెం గాలి తగ్గించి, వెలుతురులో చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ప్రతి చిన్న కోతనూ బొటనవేళ్లతో విడదీసి చూడండి. లోపల తళుక్కుమంటే మొద్దు సూదితో, లోపలికి నెట్టకుండా పక్క నుంచి పైకి గీకి తీయండి. వాన తర్వాత ఈ తనిఖీ మరీ ముఖ్యం. నీళ్లు చెత్తనంతా రోడ్డు అంచుకు తోస్తాయి, తడిసిన రబ్బరును గాజు సులువుగా కోస్తుంది.

పట్టీ దారాలు కనిపించేంత లోతు కోత ఉంటే, లోపలి నుంచి పాత టైరు పక్క గోడ ముక్కను అడ్డుపెట్టి ఇంటికి చేరండి, ఆ టైరును మాత్రం ఇక వాడకండి. నడిమధ్య చదునుగా అరిగి అంచు తేలినా, అరుగుదల గుర్తులైన చిన్న గుంటలు మాయమైనా, ఎక్కడైనా బుడిపె లేచినా టైరు మార్చాల్సిందే. మార్చేటప్పుడు కొత్త టైరును వెనక వేసి పాతదాన్ని ముందు ఉంచేయడం చాలామంది చేసే పొరపాటు. రెండు చక్రాలకూ ఒకే రకం టైర్లు వాడుతుంటే ముందు టైరును విప్పి వెనకకు వేయండి, కొత్తదాన్ని ముందు వేయండి.